మంచును చదవడం నేర్చిన మనుషులు



మా బళ్ళారి వైపు మంచు అంటే మార్గశిరంలో తెల్లవారుజామున జొన్నచేల మీద కనిపించేది. తొమ్మిది గంటలకల్లా ఎండ తగిలి మాయమైపోతుంది. ఐసు ఫ్యాక్టరీ నుండి రంపపు పొట్టు కప్పి తెచ్చేదాన్నీ మంచుగడ్డే అంటాము. పొగలా కమ్మేది మంచు, ఆకు మీద బిందువు మంచు, హిమాలయం మీద ఉన్నదీ మంచే. కన్నడంలో 'మంజు' అన్నా ఇంచుమించు ఇదే సంగతి. మనకు అవసరం లేదు కనుక ఒక్క మాటతో సరిపెట్టుకున్నాము. దినపత్రికలు 'హిమపాతం' అనే మాటను ఆకాశం నుండి మంచు కురిసినప్పుడూ రాస్తాయి, కొండవాలు మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా తెగి కిందికి దూకినప్పుడూ రాస్తాయి. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది పిల్లలకు ఆట. రెండోది ఊళ్ళను ఊళ్ళుగా పూడ్చేస్తుంది. అందుచేత ఈ ప్రసంగంలో రెండోదాన్ని నేను 'మంచుచరియ' అంటాను.

ఎండకు మాడే ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. 2016 ఫిబ్రవరిలో మా ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు ఇంకో విధంగా అడిగాడు. "సార్, మంచు దూది మాదిరి మెత్తగా ఉంటుందంటారే, మరి దాని కింద పడితే మనిషి ఎట్ల చస్తాడు?" అన్నాడు. ఆ వారమంతా పేపర్లలో సియాచిన్ వార్తే. నేను ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను. సమాధానం నాకే తెలియదు. తర్వాత చాలా కాలం దాని గురించి చదివాను. చదివినదాంట్లో కొంత ఇవాళ మీతో పంచుకుంటాను.

ముందు ఆ వార్త గుర్తు చేస్తాను. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్ హిమానీనదం ఉత్తర భాగంలో, సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సైనిక శిబిరం మీద మంచు, మంచుగడ్డలు విరుచుకుపడ్డాయి. 19వ మద్రాస్ బెటాలియన్ శిబిరం అది. పదిమంది పూడిపోయారు. వారి ఊళ్ళ పేర్లు చూస్తే దక్షిణాది పటం కళ్ళముందు పరుచుకుంటుంది. కర్ణాటక, తమిళనాడు, కేరళ, మహారాష్ట్ర, ఆంధ్ర. సిపాయి ముస్తాక్ అహమ్మద్‌ది అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె. ఇంకొకరిది మన సరిహద్దు జిల్లా కృష్ణగిరి. ధారవాడ జిల్లా బెటదూరుకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్‌ను ఆరో రోజున, ఫిబ్రవరి 8న, దాదాపు 25 అడుగుల లోతు నుండి ప్రాణంతో వెలికితీశారు. ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. మిగిలిన తొమ్మిదిమందీ అప్పటికే పోయారు. మామిడితోటల మధ్య, పత్తిచేల మధ్య, వేరుశనగ చేల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు ఇటువంటి చోట నిలబడవలసి వస్తున్నది కనుకనే ఈ చదువు మనకూ కావాలి.

మంచును చదవడం మనుషులు ఎప్పుడు మొదలుపెట్టారు? క్రీస్తుపూర్వం 218లో హన్నిబాల్ ఏనుగులతో సహా ఆల్ప్స్ పర్వతాలు దాటి ఇటలీలో దిగాడని మనం పాఠంగా చెబుతాము. ఆ దిగుడు సంగతి రాసిన గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ ఒక విచిత్రమైన వివరం ఇచ్చాడు. అంతకుముందు చలికాలం నుండి మిగిలిన పాత మంచు గట్టిపడి ఉన్నదట. దాని మీద ఆ ఏటి కొత్త మంచు పడిందట. అడుగు వేస్తే పై పొరలో కాలు దిగుతుంది, కింది పొరకు తగలగానే జారుతుంది. మనుషులూ పశువులూ అట్లా జారి పడ్డారని రాశాడు. మంచు ఒకే ముద్ద కాదు, పొరలు పొరలుగా ఉంటుంది, ఒక పొరకూ ఇంకో పొరకూ పొత్తు కుదరకపోతే ప్రమాదం, అన్న మాటకు పునాది ఇక్కడే ఉంది. అయితే ఆ పునాది మీద గోడ లేవడానికి రెండువేల ఏండ్లు పట్టింది.

ఈ లోపల కొండవాళ్ళు తమ అనుభవంతోనే నెట్టుకొచ్చారు. స్విట్జర్లాండులో ఆండర్‌మట్ అనే ఊరి పైన ఉన్న అడవిలో ఎవరూ చెట్టు కొట్టకూడదని 1397లోనే కట్టుబాటు రాసుకున్నారు. ఆ అడవే మంచుచరియకు అడ్డుగోడ. చెరువుగట్టు తవ్వినవాడికి మన ఊళ్ళలో దండన వేసినట్టే అనుకోండి. తర్వాత పందొమ్మిదో శతాబ్దంలో యోహాన్ కోయాజ్ అనే అటవీ అధికారి ఊరూరా తిరిగి, ఏ లోయలో ఏ దారిన మంచుచరియ దిగుతుందో వివరాలు సేకరించి 1881లో పుస్తకం వేశాడు. పిజ్ బెర్నినా శిఖరాన్ని 1850లో మొట్టమొదట ఎక్కినవాడు కూడా ఈయనే. అంటే కాగితం మీద గీతలు గీసిన అధికారి కాదు, కాళ్ళతో కొలిచిన అధికారి.

అంతవరకు చలికాలంలో ఎత్తయిన కొండల మీదికి ఎవరూ పనిలేక పోయేవారు కాదు. ఆ పరిస్థితిని మార్చినవి రెండు చెక్కలు. స్కీ అంటే మనిషి ఎత్తుకు కాస్త అటూఇటూగా ఉండే పొడవాటి సన్నని పలక, ముందు కొస పైకి వంగి ఉంటుంది. కాలికి ఒకటి కట్టుకుంటే మనిషి బరువు పలకంతా పరుచుకొని మంచులో కూరుకుపోడు. బురదమడి మీద మానుచెక్క తోలేటప్పుడు చూశారు కదా, అది దిగబడదు, జారుతూ పోతుంది. ఉత్తర దేశాలలో ఇవి వేల ఏండ్లుగా ఉన్నవే. నార్వే దేశస్థుడు ఫ్రిట్యాఫ్ నాన్సెన్ 1888లో అయిదుగురు తోటివారితో స్కీల మీద గ్రీన్‌లాండ్‌ను అడ్డంగా దాటి, ఆ కథను 1890లో పుస్తకంగా వెలువరించాక మధ్య ఐరోపాలో కుర్రకారుకు పిచ్చి పట్టింది.

ఇక్కడ చిన్న ముచ్చట. షెర్లాక్ హోమ్స్ కథలు చదివిన శ్రోతలు చాలామంది ఉంటారు. ఆ రచయిత కానన్ డాయిల్ భార్య క్షయవ్యాధితో బాధపడుతుంటే స్విట్జర్లాండులోని డావోస్ ఊరికి తీసుకుపోయాడు. అక్కడ ఇద్దరు స్థానిక సోదరుల సాయంతో స్కీలు నేర్చి, 1894 మార్చిలో కొండ దాటి అరోసా అనే ఊరికి పోయాడు. ఒకనాడు ఇంగ్లీషువాళ్ళు వందల సంఖ్యలో ఈ ఆట కోసం ఇక్కడికి వస్తారని పత్రికలో రాశాడు కూడా. డిటెక్టివు ఊహ తప్పలేదు.

యంత్రాలు, తీగల బండ్లు లేని ఆ కాలంలో జారాలంటే ముందు ఎక్కాలి. ఎక్కడానికి స్కీ అడుగున సీల్ జంతువు తోలు కట్టేవారు. వెంట్రుకలు వెనక్కి వాలి ఉంటాయి కనుక ముందుకు జరిగితే నున్నగా జరుగుతుంది, వెనక్కి జారబోతే పట్టుకుంటుంది. పిల్లి వీపు మీద ఎదురు నిమిరి చూస్తే ఈ కిటుకు అర్థమవుతుంది. ఇప్పుడు నైలాను పట్టీలు వాడుతున్నారు, పేరు మాత్రం ఇప్పటికీ తోలే. ఇట్లా మనుషులు లేని కొండవాలులకు సొంత కాళ్ళతో ఎక్కి, తమ దారి తామే వెతుక్కొని దిగడాన్ని స్కీ యాత్ర అంటారు. విల్హెల్మ్ పౌల్కే అనే జర్మన్ 1897 జనవరిలో మిత్రులతో కలిసి బెర్న్ ప్రాంతపు హిమానీనదాల మీదుగా ఇటువంటి యాత్ర చేశాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆస్ట్రియా, ఇటలీ సైన్యాలు ఆల్ప్స్ శిఖరాల మీద ఎదురెదురుగా మూడు చలికాలాలు గడిపాయి. తుపాకికి దొరకనివారు మంచుకు దొరికారు. మర్మొలాడా పర్వతం కింద ఆస్ట్రియా సైనికుల బారకులు ఉండేవి. శత్రువు ఫిరంగులకు అందని చోటు చూసి కట్టారు, కాని నెత్తిమీద మంచు పేరుకొని ఉంది. అక్కడి అధికారి కెప్టెన్ రుడాల్ఫ్ ష్మిడ్ ఈ చోటు ప్రమాదం, శిబిరాన్ని మార్చడానికి అనుమతి ఇవ్వండి అని పై అధికారులకు రాశాడు. అనుమతి రాలేదు. 1916 డిసెంబరులో రోజుల తరబడి మంచు కురిసింది, తర్వాత వాతావరణం కాస్త వెచ్చబడింది. 13వ తేదీ తెల్లవారుజామున కొండ మీది మంచు తెగి బారకుల మీద పడింది. సుమారు 270 మంది చనిపోయారు. చరిత్రలో దీన్ని 'తెల్ల శుక్రవారం' అంటారు. నిజానికి ఆ రోజు బుధవారం. పిల్లలకు తేదీలు బట్టీ పట్టించే ఉపాధ్యాయుడిగా నాకు ఇటువంటివి పట్టుకోవడం సరదా, కాని ఈ సంగతిలో సరదా ఏమీ లేదు. మంచు శాస్త్రం ఇంకా పుట్టని రోజుల్లోనే ఒక మనిషి కంటితో చూసి సరిగ్గా చెప్పాడు. చెప్పినవాడు కింద ఉన్నాడు, వినవలసినవాడు ఇంకెక్కడో ఉన్నాడు.

అదే ఏడు ఫిబ్రవరిలో మథియాస్ జ్డార్‌స్కీ అనే స్కీ గురువు, మంచులో పూడినవారిని రక్షించబోయి తానే పూడిపోయాడు. ఆల్ప్స్ వాలులకు తగినట్టుగా స్కీ విద్యను మలచినవాళ్ళలో ఆయన మొదటివాడు. ఒళ్ళంతా ఎముకలు విరిగి, కీళ్ళు తప్పి, లెక్క పెడితే 80 దాకా తేలాయట. అయినా బతికాడు, మళ్ళీ స్కీ తొడిగాడు. తెల్లని అమాయకపు మంచు గొర్రెపిల్ల తోలు కప్పుకున్న పులి అని ఆయన అన్నాడంటారు. మన గోముఖ వ్యాఘ్రం వేరే దేశంలో వేరే తోలు కప్పుకుంది, అంతే.

హిమాలయం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1922 జూన్‌లో ఎవరెస్టు మీద ఇంగ్లీషు దళం మూడోసారి ప్రయత్నానికి బయలుదేరింది. ఋతుపవనం తగిలి కొత్త మంచు బాగా పడింది. కొంచెం ఆగి జూన్ 7న మేలరీ, సోమర్‌వెల్, క్రాఫర్డ్, వారితో 14 మంది కూలీలు నార్త్ కోల్ అనే కనుమ కింది వాలు ఎక్కసాగారు. దారిలో నిటారుగా ఉన్న ఒకచోట మంచు కదులుతుందేమోనని పరీక్ష చేసి చూశారు. కదలలేదు. ఇక భయం లేదనుకున్నారు. మధ్యాహ్నం ఇంకో చోట వాలంతా తెగింది. ఏడుగురు కూలీలు చనిపోయారు. తెల్లవాళ్ళు ముగ్గురూ బతికారు. పోయినవాళ్ళంతా బరువులు మోసినవాళ్ళే కావడం, తమలో ఒక్కరూ ఆ చావులో పాలు పంచుకోకపోవడం సోమర్‌వెల్‌ను జీవితాంతం వెన్నాడింది. ఈ సోమర్‌వెల్ ఎవరో కాదు. ఆ యాత్ర అయ్యాక దక్షిణ తిరువాన్కూరులోని నెయ్యూరు ఆసుపత్రికి వచ్చి పేదల మధ్య దశాబ్దాలు శస్త్రచికిత్స చేసిన డాక్టరు. తర్వాత వేలూరు వైద్య కళాశాలలోనూ బోధించాడు. చిత్తూరు, వేలూరు వైపు శ్రోతలకు ఆ ఆసుపత్రి బంధువుల ఇంటిలాంటిది. ఎవరెస్టు మంచుకూ మన వేలూరుకూ ఇటువంటి చుట్టరికం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ పరీక్ష ఎందుకు మోసం చేసింది? ఒకచోట గట్టిగా ఉన్న వాలు ఇరవై గజాల అవతల బలహీనంగా ఉండవచ్చు. ఎందుకో తెలియాలంటే మంచు లోపలికి చూడాలి. ఆ పని మళ్ళీ డావోస్ పైనే జరిగింది.

స్విట్జర్లాండు 1931లో మంచు పరిశోధనకు ఒక కమిషను వేసింది. 1936 నాటికి వైస్‌ఫ్లూయోఖ్ అనే కొండ భుజం మీద, 2,600 మీటర్లకు పైన, ఒక చెక్క గుడిసెలో శాస్త్రజ్ఞులు కాపురం పెట్టారు. హెన్రీ బాడర్ స్ఫటికాలు చదివినవాడు. రాబర్ట్ హేఫెలీ మట్టి గట్టుల బలం లెక్క కట్టే ఇంజనీరు. ఈ రెండు విద్యలు ఒక గుడిసెలో కలవడం గొప్ప సంగతి. ఆనకట్ట కట్టేవాడు మట్టి పొరలను ఎట్లా చూస్తాడో అట్లాగే మంచు పొరలను చూశారు. మన పౌల్కే కూడా అప్పటికే మంచుగుంటలు తవ్వి, పొరల అడుగున చేరే వదులు గింజల గురించి రాసి ఉన్నాడు. 1939లో ఈ గుడిసెవాళ్ళు 'మంచు, దాని రూపాంతరం' అనే అర్థం వచ్చే పేరుతో గ్రంథం ప్రకటించారు. 1942లో అది పూర్తిస్థాయి సంస్థ అయింది.

వారు కనుగొన్నదాన్ని వంటింటి భాషలో చెప్పుకుందాం. నేల మీద మంచు ఒక మీటరు మందం ఉందనుకోండి. నేలకు ఆనుకున్న చోట ఇంచుమించు సున్నా డిగ్రీలు ఉంటుంది. పైన రాత్రి గాలి మైనస్ ఇరవై. అడుగున వెచ్చగా, పైన చల్లగా. ఇడ్లీపాత్రలో ఆవిరి పైకి లేచి చల్లని మూతకు తగిలి నీటిచుక్కలైనట్టు, మంచు గింజల నుండి ఆవిరి పైకి పాకి పైనున్న చల్లని గింజల మీద పేరుకుంటుంది. అక్కడ నీరు కాదు, స్ఫటికం అవుతుంది. కోణాలు తేరి, పెద్దవై, ఒకదానికొకటి అతుక్కోని గింజలు తయారవుతాయి. చేతిలోకి తీసుకుంటే పంచదారలా రాలిపోతాయి. ప్రతి పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీకి మించి తేడా ఉంటే ఈ మార్పు జోరుగా సాగుతుంది. అంటే మంచు పలచగా ఉండి చలి ఎక్కువైన చోట అడుగు పొర మరింత పుల్లిపోతుంది. మంచు తక్కువ ఉంటే భయం తక్కువ అనుకుంటాము కదా, తిరకాసు అక్కడే ఉంది.

ఆ పంచదార పొర మీద తర్వాత గాలి మోసుకొచ్చిన మంచు పలకలా గట్టిపడుతుంది. నేల మీద రాగులు పరిచి, దాని మీద చెక్కపలక వేసి, నేలను ఏటవాలు చేసి, పలక మీద కాలు పెట్టండి. ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మంచుచరియల్లో ప్రాణాలు తీసేవి ఎక్కువగా ఈ పలక చరియలే. వాలు 30 నుండి 45 డిగ్రీల మధ్య ఉన్నచోట ఇవి ఎక్కువ. అంతకన్నా నిటారుగా ఉంటే మంచు పేరుకోకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది, తక్కువైతే సాధారణంగా జారదు. సరిగ్గా స్కీ యాత్రికుడికి ముచ్చటైన వాలు కూడా అదే. వినోదం కోసం పోయి ప్రమాదంలో పడినవారిలో నూటికి తొంభై పాళ్ళ సందర్భాలలో పలకను విరగ్గొట్టింది తామే, లేదా తమ జట్టులోని వాడే. మంచుచరియ వాళ్ళ మీద పడిందనడం కన్నా వాళ్ళే దాన్ని లేపారనడం సబబు.

మా పిల్లవాడి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. కొత్తగా కురిసిన మంచు దూదే. ఒక ఘనమీటరు తూచితే 50 నుండి 100 కిలోలు. కొండ మీద నుండి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దొర్లి, నలిగి, ఆగేసరికి అదే ఘనమీటరు 400 కిలోలు దాటుతుంది. ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుంటుంది. లోపలివాడు వేలు కూడా కదల్చలేడు. ఊపిరితో వచ్చిన ఆవిరి ముఖం ముందు గడ్డకట్టి గాలిని ఆపేస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్విస్ సైన్యం తన కొండ శిబిరాల కోసం మంచు హెచ్చరికలు నడిపింది. 1945 నుండి ఆ పనిని డావోస్ సంస్థ ప్రజల కోసం చేపట్టింది. కొండ ఊళ్ళలోని పరిశీలకులు మంచు కొలిచి పంపేవారు, సంస్థ కూర్చి, పత్రికల ద్వారా, రేడియో ద్వారా వినిపించేది. రేడియోలో మాట్లాడుతూ ఈ మాట చెప్పడం నాకు సంతోషంగా ఉంది. తుపాను హెచ్చరిక మన కోస్తా జాలరికి ఏమిటో, ఆ నాలుగు వాక్యాలు ఆ లోయ రైతుకు అదే. అయినా 1951 చలికాలంలో ఆల్ప్స్‌లో 250 మందికి పైగా, ఒక్క స్విట్జర్లాండులోనే 98 మంది మంచుచరియలకు బలయ్యారు. ఆ దెబ్బతోనే వాలుల మీద ఇనుప, కర్ర కంచెలు వరుసగా నిలబెట్టడం, ఏ స్థలంలో ఇల్లు కట్టరాదో పటాలు గీయడం ఊపందుకున్నాయి.

వాలు ఎక్కబోయే మనిషికి ఆ పటాలు చాలవు. అతను గుంట తవ్వాలి. పారతో నిలువుగా కోసి, పొరలను చేతితో నొక్కి చూస్తాడు. పిడికిలి దిగితే చాలా మెత్తన. నాలుగు వేళ్ళే దిగితే కాస్త గట్టి. తర్వాత ఒక వేలు, తర్వాత పెన్సిలు, చివరకు కత్తి. ఇదే కొలబద్ద. ప్రయోగశాలకు నిధులు లేని మా బడివంటి చోట్ల కూడా నేర్పగలిగే శాస్త్రం ఇది, మంచు ఒక్కటే కొరవ! గట్టి పొర కింద పిడికిలి దిగే పొర కనిపిస్తే అనుమానించాలి. తర్వాత ముప్పై సెంటీమీటర్ల చదరపు స్తంభం కోసి, పైన పార పెట్టి, మణికట్టు ఆడించి పది దెబ్బలు, మోచేయి ఆడించి పది, భుజం ఆడించి పది వేస్తారు. ఎన్నో దెబ్బకు ఏ పొర తెగిందో రాసుకుంటారు. కెనడావాళ్ళు వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. స్విస్ పద్ధతిలో రెండు మీటర్ల వెడల్పు దిమ్మ కోసి, దాని మీద స్కీలతో మనిషే ఎక్కి గెంతుతాడు.

గుంట తవ్వనక్కరలేకుండా మంచే చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. పక్క వాలు మీద తాజాగా తెగిన గుర్తు. అడుగు వేస్తే 'వుమ్' అని లోపల కూలిన చప్పుడు. స్కీ కొస నుండి పరుగెత్తే పగులు. గత ఒకటి రెండు రోజుల్లో కురిసిన కొత్త మంచు, గాలి, ఉన్నట్టుండి పెరిగిన ఎండ. కార్గిల్ వైపు పనిచేసి పదవీ విరమణ చేసిన సుబేదారు మామ ఒకరు మా వీధిలో ఉండేవారు. ఆ చప్పుడు సంగతి అడిగితే, "అది వింటే కడుపులో నీళ్ళు కదుల్తాయి నాయనా, వెనక్కి తిరగడానికి ఎవుడి ఆర్డరూ అక్కరలేదు" అన్నారు. కాసేపాగి, "అట్లని అన్నిసార్లూ తిరగలేదులే" అని కూడా అన్నారు.

1993లో ఐరోపా దేశాలు కలిసి ప్రమాదాన్ని ఒకటి నుండి అయిదు వరకు స్థాయిలుగా చెప్పడానికి ఒప్పుకున్నాయి. దాదాపు అదే కాలంలో వెర్నర్ మున్టర్ అనే స్విస్ మార్గదర్శి ఒక విప్లవం లేవదీశాడు. ఒక్క గుంట చూసి కొండనంతా నమ్మవద్దు, ఆనాటి స్థాయినీ వాలు కోణాన్నీ కలిపి చూసి, లెక్క దాటితే వెనక్కి రండి అన్నాడు. మేలరీ పరీక్షను తలచుకుంటే ఆ మాట విలువ తెలుస్తుంది. ఇంకొక విషయం. ఎక్కువ మరణాలు అయిదో స్థాయి రోజున జరగవు. ఆ రోజు ఎవరూ బయటికి రారు. మూడో స్థాయి రోజున జరుగుతాయి. అమెరికాలో ఇయన్ మెక్‌కామన్ పాత ప్రమాదాలను వందల సంఖ్యలో తిరగేసి, తెలిసిన వాలు, ముందు పోయినవాళ్ళ అడుగుజాడలు, ఎక్కి తీరాలన్న పట్టుదల, ఇవి చదువుకున్నవారినీ మోసం చేస్తాయని చూపించాడు. రోజూ ఈదే బావిలోనే గజ ఈతగాడు పోతాడని మన పెద్దలు అనే సంగతే.

పూడినవాడిని వెతకడానికి ఒకప్పుడు పొడవాటి గడకర్రలు, కుక్కలు తప్ప దారి లేదు. 1968లో అమెరికాలో జాన్ లాటన్ మంచు కింద నుండి సంకేతం పంపే చిన్న పరికరం తయారుచేశాడు. జట్టులో అందరూ అది ఛాతీకి కట్టుకుంటారు. ఒకరు పూడితే మిగిలినవారి పరికరాలు ఆ సంకేతాన్ని పట్టుకుంటాయి. చెప్పాలంటే అదీ రేడియోయే. సమయం ఎందుకంత ముఖ్యమో 1994లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. పావుగంటలోపు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. ముప్పై అయిదు నిమిషాలు దాటితే ముగ్గురే. తర్వాతి లెక్కలు ఆ పావుగంటను పది నిమిషాలకు కుదించాయి. అందుకే కింద ఊరి నుండి వచ్చే సాయం కాదు, పక్కన ఉన్న తోటివాడి చేతిలో పార కాపాడుతుంది. ఆరు రోజులు హనుమంతప్ప ప్రాణం నిలవడం ఎంత అరుదో ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. గాలి నిలిచిన చిన్న ఖాళీ ఆయన చుట్టూ ఉండిపోయిందని అప్పట్లో చెప్పారు.

మన దేశంలో ఈ విద్య ప్రధానంగా సైన్యం ద్వారా వచ్చింది. 1948 డిసెంబరులో, కాశ్మీరు యుద్ధం నడుస్తుండగా, కొడగుకు చెందిన జనరల్ తిమ్మయ్య గుల్మర్గ్‌లో స్కీ పాఠశాల పెట్టించారు. అదే పెరిగి పర్వత యుద్ధ విద్యాలయం అయింది. 1969లో మనాలిలో మంచు, మంచుచరియల అధ్యయన సంస్థ ఏర్పడింది. 2020లో దాన్ని మరో రక్షణ ప్రయోగశాలతో కలిపి కొత్త పేరు పెట్టారు. చండీగఢ్ కేంద్రంగా ఇప్పుడు జిల్లాలవారీగా హెచ్చరికలు వస్తున్నాయి. 1979 మార్చిలో లాహౌల్ లోయలో 200 మందికి పైగా పోయారు. అటల్ సొరంగం 2020లో తెరిచాక ఆ లోయవాళ్ళకు చలికాలంలో రోహ్తంగ్ కనుమ ఎక్కే అవస్థ తప్పింది. కాని 2010 ఫిబ్రవరి 8న గుల్మర్గ్ దగ్గర ఖిలన్‌మర్గ్ వాలు మీద శిక్షణలో ఉన్న సైనికులు కనీసం 17 మంది మంచుచరియకు చనిపోయారు. మంచు చదవడం నేర్పే బడి విద్యార్థులు వాళ్ళు.

2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ పైన మాణా ఊరి దగ్గర రోడ్డు పనివాళ్ళ శిబిరం మీద మంచు దిగింది. 54 మంది చిక్కుకున్నారు. 46 మందిని కాపాడారు, ఎనిమిదిమంది దక్కలేదు. వాళ్ళు పడుకునే ఇనుప డబ్బాలు దొర్లిపోయినా నలగకుండా లోపల గాలిని నిలిపాయి కనుక అంతమంది బతికారు. ఆ వార్త చూసిన రోజు మర్మొలాడా బారకులు, కెప్టెన్ ష్మిడ్ ఉత్తరం నాకు మళ్ళీ గుర్తుకొచ్చాయి. వాలు కింద శిబిరం ఎక్కడ వేయాలో చెప్పే విద్య ఇప్పుడు మన దగ్గరా ఉంది. ఆ శిబిరంలో పడుకున్న కూలీ దాన్ని అడగగలడా అన్నది వేరే ప్రశ్న.

ఆ ఎనిమిదో తరగతి పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఉగాదికి ఊరికి వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చాడు. ఇడ్లీపాత్ర, రాగులు, పలక, అన్నీ చెప్పాను. అంతా విని, "సార్, వచ్చే చలికాలం స్నేహితులతో మనాలి పోతున్నాం, ఆ హెచ్చరికలు ఏ వేళకు వస్తాయి?" అన్నాడు. ఆ వివరాలు కాగితం మీద రాసి ఇచ్చాను. సెలవు.